స్నానాల గదిలో రేడియేటర్ విప్పి, దాని వెనుక గోడకు రంగు వేసుకోవడం ఎలా?

తడిగోడ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. రేడియేటర్ అనగానే చాలామందికి బండి గుర్తుకొస్తుంది కనుక ముందే చెబుతున్నాను: నేను అడుగుతున్నది బాయిలర్‌లో కాగిన నీళ్ళు పైపుల గుండా వచ్చి గదిని వెచ్చబెట్టే, గోడకు తగిలించిన ఉక్కు రేడియేటర్ గురించి. మా స్నానాల గదిలో వాష్‌బేసిన్ పక్కన అలాంటిదొకటి ఉంది. మాకు ముందు ఈ ఇంట్లో ఉన్నవారు గదికి రంగు వేసినప్పుడు కుంచె అందినంత మేరకే వేసి వదిలేశారు. పైనుంచి తొంగి చూస్తే రేడియేటర్ వెనుక ఇంకా పాత ఆకుపచ్చ రంగే కనిపిస్తుంది. ఆ రంగు కూడా ఇప్పుడు ఉబ్బి పెచ్చులుగా రాలుతోంది. కింది మూలలో అరచేయంత మేర నల్లగా బూజు పట్టింది.

రేడియేటర్‌కు ఎడమవైపు 0 నుంచి 5 దాకా అంకెలున్న తిప్పే వాల్వు ఉంది. కుడివైపు ఉన్నదానికి అంకెలేమీ లేవు, తెల్లటి ప్లాస్టిక్ టోపీ మాత్రమే ఉంది. దాన్ని తిప్పితే ఊరికే తిరుగుతుంది తప్ప ఏమీ జరగదు. పైపులు రెండూ నేలలోంచి పైకి వచ్చాయి. బాయిలర్ మీద ఉన్న, పైపుల్లోని నీటి ఒత్తిడి చూపే గేజ్, నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు 1 బార్ కంటే కాస్త ఎక్కువ చూపిస్తుంది. గోడలకు రంగు వేయడం నాకు అలవాటే కాని, నీళ్ళ పని విషయంలో కుళాయి వాషర్ మార్చడానికి మించి నాకు అనుభవం లేదు.

దీన్ని తీయాలంటే ఇంటి మొత్తంలోని పైపుల్లో నీళ్ళన్నీ ఖాళీ చేయాలా? తీసి పక్కన పెట్టిన రెండు మూడు రోజులు మిగతా గదులను వెచ్చబెట్టుకోవచ్చా? రంగుకు బదులు సగం ఎత్తు దాకా టైల్స్ అతికిస్తే బాగుంటుందని ఇంట్లో ఒక మాట నడుస్తోంది. దానివల్ల తిరిగి బిగించేటప్పుడు చిక్కేమైనా వస్తుందా? తెలిసినవారు చెప్పగలరు.

పానాపట్టు (జవాబు):

మొత్తం ఖాళీ చేయనక్కరలేదు. ఆ రెండు వాల్వులు ఉన్నది రేడియేటర్‌ను మిగతా పైపుల నుంచి విడదీయడానికే. అయితే అవి నిజంగా పూర్తిగా మూసుకుంటున్నాయా లేదా అన్నది నట్టు మీద పానా పెట్టకముందే తేల్చుకోవాలి. ఈ పనిలో గది నీళ్ళపాలైన సందర్భాల్లో నేను చూసినవన్నీ ఈ ఒక్క పరీక్ష చేయకపోవడం వల్ల జరిగినవే.

ముందుగా బాయిలర్ ఆపి, రేడియేటర్ పూర్తిగా చల్లారనివ్వండి. కుడివైపు వాల్వును లాక్‌షీల్డ్ అంటారు. ఆ ప్లాస్టిక్ టోపీని పైకి లాగితే (కొన్నింటికి మధ్యలో చిన్న స్క్రూ ఉంటుంది) లోపల నలుచదరపు మొనతో ఒక ఇత్తడి కడ్డీ కనిపిస్తుంది. దాన్ని చిన్న పానాతో గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పుతూ, పూర్తిగా కట్టుబడేసరికి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. అర చుట్టు, పావు చుట్టు కూడా లెక్కలోకి తీసుకోండి. ఆ సంఖ్యను ఒక కాగితపు టేపు మీద రాసి పైపుకు అంటించండి. గోడ మీద మాత్రం రాయకండి, ఆ గోడకే మీరు రంగు వేయబోతున్నారు. ఆ లెక్క ఎందుకంటే, ఇంట్లోని అన్ని రేడియేటర్లకూ వేడినీళ్ళు సమంగా అందేలా ఎవరో ఒకరు ఆ వాల్వును అంతే తెరిచి ఉంచారు. మీరు తిరిగి బిగించేటప్పుడు దాన్ని బారుగా తెరిచేస్తే స్నానాల గది మండిపోతుంది, బాయిలర్‌కు దూరంగా ఉన్న గది చల్లబడుతుంది; అప్పుడు కారణం తెలియక బాయిలర్‌ను అనుమానిస్తారు.

ఎడమవైపు వాల్వును 0కి తిప్పండి. ఇక పరీక్ష. రేడియేటర్ పైమూలలో గాలి వదిలే చిన్న స్క్రూ ఉంటుంది. దాని కింద గుడ్డ పట్టుకుని, ఆ స్క్రూ కోసమే ఉండే చిన్న తాళంచెవితో కొద్దిగా తెరవండి. లోపలి ఒత్తిడికి నీళ్ళు ఒక్కసారి చిమ్ముతాయి. కొన్ని సెకన్లలో అది సన్నగిల్లి ఆగిపోతే రెండు వాల్వులూ గట్టిగా మూసుకున్నాయని అర్థం. ఆగకుండా కారుతూనే ఉంటే, లేదా బాయిలర్ గేజ్ ముల్లు దిగుతూ ఉంటే, ఏదో ఒక వాల్వు లోపల నీళ్ళను వదులుతోందని అర్థం. అప్పుడు స్క్రూ బిగించేసి ప్లంబర్‌ను పిలవండి. ఆ పాటికి మీరు పోగొట్టుకున్నది చెంబెడు నీళ్ళే.

పరీక్ష నెగ్గితే నట్టు విప్పడానికి సిద్ధం కావచ్చు. నేల మీద ప్లాస్టిక్ పట్టా, దాని మీద పాత తువ్వాళ్ళు పరవండి. లోపలి నీళ్ళు నల్లగా సిరాలా ఉంటాయి. ఉక్కు లోపల నెమ్మదిగా తుప్పు పట్టగా ఏర్పడిన మాగ్నటైట్ అనే ఐరన్ ఆక్సైడ్ అది. టైల్స్ మధ్య తెల్లటి గ్రౌట్‌లోకి అది ఇంకితే వదలదు. వాల్వుకూ నేలకూ మధ్య ఎడం తక్కువ కనుక బకెట్ పట్టదు. మీ దగ్గర రంగు పోసుకునే పళ్ళెం ఉంటుంది కదా, అది సరిగ్గా సరిపోతుంది. నట్టు మీద పాత రంగు పొర ఉంటే దాన్ని ముందుగా కత్తిమొనతో చుట్టూ గీయండి.

నట్టు విప్పేటప్పుడు రెండో చేతిలో మరో పానాతో వాల్వును కదలకుండా పట్టుకోవడం తప్పనిసరి. లేకపోతే నట్టుతో పాటు వాల్వూ, వాల్వుతో పాటు కింది రాగి పైపూ మెలితిరిగి, నేల కింద కనబడని జాయింటు దగ్గర కారడం మొదలవుతుంది. మరొక తికమక ఏమిటంటే, మీరు రేడియేటర్ ఎదురుగా కూర్చుని చూస్తే రెండు వైపుల నట్లూ వేర్వేరు దిశల్లో తిరుగుతున్నట్టు ఉంటుంది: ఎడమ నట్టు వదులవ్వాలంటే దాని పైభాగం మీ వైపుకు రావాలి, కుడి నట్టుకైతే పైభాగం గోడ వైపుకు పోవాలి. చాలామంది ఒకటి విప్పి, అదే ఊపులో రెండోదాన్ని మరింత బిగించేస్తారు.

నట్టు అర చుట్టు వదులు కాగానే నీళ్ళు రావడం మొదలవుతుంది. ఇప్పుడు పైన గాలి స్క్రూ తెరిస్తే ధార పెరుగుతుంది, మూస్తే తగ్గుతుంది. పళ్ళెం నిండినప్పుడల్లా స్క్రూ మూసి, నట్టు బిగించి, బకెట్‌లో పోసుకుని మళ్ళీ మొదలుపెట్టవచ్చు. స్నానాల గదిలో ఉండే మామూలు రేడియేటర్ అయితే కొద్ది లీటర్లకు మించి నీళ్ళు ఉండవు. ధార ఆగాక రెండు నట్లూ పూర్తిగా విప్పి, ఒక చివరను కాస్త ఎత్తి మిగిలినవి రెండో చివర నుంచి పోనివ్వండి. ఆ తరువాత రంధ్రాల్లో గుడ్డలు కుక్కి, ఇద్దరు పట్టి నిట్టనిలువుగా పైకి లేపితే అది కొక్కేల నుంచి ఊడి వస్తుంది. మోసుకెళ్ళేటప్పుడు తలకిందులుగా, అంటే ఆ రంధ్రాలు పైకి ఉండేలా పట్టుకోండి. అడుగున పేరుకున్న నల్లటి మడ్డి ఎన్ని గుడ్డలు కుక్కినా దారి వెతుక్కుంటుంది.

పొడవుపిడి (జవాబు):

ఇంత శ్రమ అవసరమా అని నా సందేహం. రేడియేటర్ వెనుక సందులో దూరేలా పొడవాటి పిడితో సన్నటి రోలర్లు దొరుకుతాయి. మా ఇంట్లో నాలుగు రేడియేటర్ల వెనుక నేను వాటితోనే రంగు వేశాను; పైనుంచి చూసినా, పక్కనుంచి చూసినా తేడా తెలియదు. నీళ్ళ పని తెలియనివారు నట్ల జోలికి పోకపోవడమే మంచిది.

పానాపట్టు (జవాబు):

పొడవుపిడి గారూ, గోడ బాగుండి రంగు మాత్రమే మార్చాలనుకుంటే మీ మాటే నా మాట. వీరి గోడ పెచ్చులూడి, బూజు పట్టి ఉంది. ఊడుతున్న రంగు మీద రోలర్ ఆడిస్తే ఆ పెచ్చులు రోలర్‌కే అంటుకుని వస్తాయి. గీకాలంటే చెయ్యి పట్టాలి, చెయ్యి పట్టాలంటే రేడియేటర్ తీయాలి.

తడిసిననేల (జవాబు):

పానాపట్టు గారు చెప్పిన పద్ధతి అంతా సరైనదే కాని, ఎడమవైపు వాల్వును 0కి తిప్పి వదిలేయమన్నట్టు ఎవరూ అర్థం చేసుకోకూడదని నా అనుభవం రాస్తున్నాను. అంకెలున్న ఆ వాల్వు గది వేడిని బట్టి తనంతట తానే తెరుచుకునే, మూసుకునే రకం. దాని తలలో ఉండే మైనం లేదా ద్రవం వేడికి వ్యాకోచించి కిందనున్న చిన్న పిన్నును నొక్కుతుంది, చలికి సంకోచించి వదులుతుంది. చాలా వాల్వుల్లో మంచు గుర్తు, కొన్నింటిలో 0 కూడా, పైపుల్లో నీళ్ళు గడ్డకట్టకుండా గది బాగా చల్లబడినప్పుడు తెరుచుకునేలా ఏర్పాటు చేసినవే.

ఇది నాకు తెలియని రోజుల్లో రేడియేటర్ తీసేసి, రంగు వాసన పోవాలని కిటికీ తెరిచి పడుకున్నాను. తెల్లవారుజామున మెట్ల మీద నీళ్ళ చప్పుడుకు మెలకువ వచ్చింది. చలికి ఆ వాల్వు తన పని తాను చేసింది, దాని నోటికి అడ్డుగా రేడియేటర్ లేదు. ఆ నల్లనీళ్ళు కింది గది పైకప్పు మీద వేసిన పటం ఇప్పటికీ మూడు పూతల రంగు కింద నీడలా కనిపిస్తుంది.

కనుక చేయవలసింది ఇది: ఆ అంకెల తలను విప్పి తీసేసి, దాని స్థానంలో పిన్నును నొక్కి ఉంచే గట్టి మూత బిగించాలి. చాలా వాల్వులతో పాటు పెట్టెలో అది వస్తుంది; రంగు వేసేవారి కోసమే చేసిన మూత అది. తల తీసేసి ఊరుకుంటే మాత్రం పిన్ను పైకి లేచి వాల్వు పూర్తిగా తెరుచుకుంటుంది. కాబట్టి మూత బిగించడం నట్టు విప్పకముందే జరగాలి, పరీక్ష ఆ తరువాత చేయాలి. అంతటితో ఆగకుండా, రేడియేటర్ తీశాక రెండు వాల్వుల నోళ్ళకూ మరలున్న ఇత్తడి మూతలు బిగించండి. అప్పుడు మిగతా గదులకు నిశ్చింతగా బాయిలర్ వేసుకోవచ్చు, ఎవరి కాలు తగిలినా భయముండదు.

తడిగోడ:

అందరికీ కృతజ్ఞతలు. ఎడమ వాల్వు మూత మా దగ్గర లేదు, ఆ వాల్వుకు సరిపోయేది తెప్పించుకున్నాకే పని మొదలుపెడతాను. గోడ సంగతి, టైల్స్ సంగతి కూడా ఎవరైనా చెబితే మేలు.

సున్నపుచెయ్యి (జవాబు):

రేడియేటర్ తీయగానే రంగు డబ్బా తెరవకండి. ముందుగా ఆ తడి ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. వాల్వు కింద రాగి పైపు మీద ఆకుపచ్చటి పొర గాని, నట్టు చుట్టూ తెల్లటి పెచ్చు గాని ఉంటే అక్కడ ఎన్నాళ్ళనుంచో చుక్క చుక్కగా కారుతున్నట్టే. దాన్ని సరిచేయకుండా ఎంత మంచి రంగు వేసినా మళ్ళీ ఉబ్బుతుంది. అలాంటి గుర్తులేమీ లేక, అది ఇంటి బయటి గోడ అయి ఉంటే, స్నానం చేసినప్పుడు లేచిన ఆవిరి చల్లటి గోడ మీద నీరుగా మారుతోందనుకోవచ్చు. దానికి మందు రంగులో లేదు, గాలిని బయటికి లాగే ఫ్యాన్‌లో ఉంది.

బూజును పొడిగా ఉన్నప్పుడు గీకితే దాని బీజాలు గాలిలోకి లేస్తాయి. ముక్కుకు మాస్కు కట్టుకుని, బూజును చంపే ద్రావణం గాని, నీళ్ళలో కలిపిన బ్లీచ్ గాని పూసి, నానిన తరువాత తుడవండి. బ్లీచ్ వాడిన చోట ఆమ్లం గాని, అమ్మోనియా గాని ఉన్న మరో శుభ్రం చేసే ద్రవం వాడకండి. విషవాయువు పుడుతుంది, అందులోనూ అది చిన్న గది. ఊడుతున్న రంగునంతా గట్టి పొర తగిలేదాకా గీకి, గుంటల్లో పుట్టీ పెట్టి, ఎమెరీ కాగితంతో రుద్ది, మరకలు పైకి రాకుండా ఆపే ప్రైమర్ ఒక పూత వేయండి. ఆ పైన స్నానాల గదుల కోసం చేసిన, తడిని తట్టుకునే ఎమల్షన్ రెండు పూతలు సరిపోతుంది. గోడ పూర్తిగా ఆరడానికి తొందరపడకండి. రెండు రోజులని మీరు అనుకున్నది నాలుగు రోజులైనా నష్టమేమీ లేదు.

ఇక టైల్స్. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. రంగు పూత మందం లెక్కలోకి రాదు కాని, 8 మిల్లీమీటర్ల టైలు, దాని వెనుక 3 మిల్లీమీటర్ల జిగురు కలిస్తే గోడ 11 మిల్లీమీటర్లు ముందుకు వచ్చినట్టే. కొక్కేలను టైల్స్ మీద బిగిస్తే రేడియేటర్ కూడా అంత ముందుకు వస్తుంది, నేలలోంచి వచ్చిన పైపులు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. నట్టు మరలో కూర్చోదు. చెక్క నేల అయితే పైపు కాస్త వంగుతుందేమో గాని, కాంక్రీటులో పాతిన పైపు ఏమాత్రం కదలదు. బలవంతంగా లాగి బిగిస్తే ఆ జాయింటు ఎప్పటికైనా కారుతుంది.

నేను చేసేది ఏమిటంటే, కొక్కేలను గోడ నుంచి అసలు కదపను. వాటి చుట్టూ సరిపోయేలా టైల్స్‌ను కోసి అతికిస్తాను. కొక్కెం పాత గోడ మీదే ఉంటుంది, రేడియేటర్ తన పాత స్థానానికే తిరిగి వస్తుంది, ఆ కోతలన్నీ రేడియేటర్ వెనుక దాగిపోతాయి. రేడియేటర్ వీపుకూ గోడకూ మధ్య ఎడం మాత్రం ఆ 11 మిల్లీమీటర్లు తగ్గుతుంది కనుక, విప్పకముందే ఆ ఎడం ఎంతుందో కొలుచుకోండి. వేలు దూరని సందు మిగిలేటట్టయితే అక్కడ టైల్స్ ఆలోచన మానుకోండి, వెచ్చని గాలి పైకి లేవడానికి దారి ఉండాలి.

నిచ్చెనమెట్టు:

మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు మన్నించండి. మా స్నానాల గదిలో ఉన్నది తువ్వాళ్ళు ఆరవేసుకునే నిచ్చెన రకం రేడియేటర్. దానికి రెండువైపులా ప్లాస్టిక్ టోపీలే ఉన్నాయి, అంకెల వాల్వు లేదు. అడుగున ఒక కరెంటు తీగ కూడా ఉంది. పద్ధతి ఒకటేనా?

పానాపట్టు (జవాబు):

విప్పే పద్ధతి ఒకటే కాని మూడు తేడాలున్నాయి. ఆ తీగ ఉందంటే దాని లోపల కరెంటుతో వేడయ్యే కడ్డీ ఉంది. నీళ్ళు తీయకముందే దాని కరెంటును పూర్తిగా విడదీయాలి, నీళ్ళు తిరిగి నిండేదాకా వేయకూడదు, పొడిగా వేడెక్కితే ఆ కడ్డీ కాలిపోతుంది. తీగను గోడ పెట్టె నుంచి విప్పవలసి వస్తే అది ఎలక్ట్రీషియన్ పని. రెండోది, నట్లు అడుగున నిలువుగా ఉంటాయి కనుక నట్టు ముందుభాగం మీ కుడిచేతి వైపుకు తిరిగితే వదులవుతుంది. పైన ఉన్న నీళ్ళన్నీ నేరుగా మీ మణికట్టు మీదికే వస్తాయి, పొడవు చేతుల చొక్కా వేసుకోకండి.

మూడోది అందరూ మరిచిపోయేది. ఇంట్లో అన్ని రేడియేటర్లకూ అంకెల వాల్వులు ఉండి స్నానాల గదిదానికి మాత్రం లేకపోతే, అది పొరపాటున వదిలేసింది కాకపోవచ్చు. మిగతావన్నీ మూసుకున్నప్పుడు పంపు తోసే నీళ్ళు తిరగడానికి ఒక దారి ఉండాలి కనుక, కొన్ని ఇళ్ళలో ఆ ఒక్కదాన్నీ కావాలనే ఎప్పుడూ తెరిచి ఉంచుతారు. దాన్ని కట్టేసిన రోజుల్లో బాయిలర్ వేసుకోవాలంటే మరో గదిలో ఒక రేడియేటర్‌ను పూర్తిగా తెరిచి ఉంచండి.

తడిగోడ:

పని పూర్తయింది కనుక జరిగింది రాస్తున్నాను. కుడి వాల్వు మూసుకోవడానికి ఒకటింపావు చుట్టు పట్టింది. ఎడమవైపు మూత బిగించాక గాలి స్క్రూ తెరిచి చూస్తే చిమ్మిన నీళ్ళు ఐదారు సెకన్లలో ఆగిపోయాయి. గోడ మీద తడికి కారణం ఆవిరే. పైపుల మీద ఆకుపచ్చ పొర ఎక్కడా లేదు. రేడియేటర్ వీపు వెనుక ఎడం కొలిస్తే 30 మిల్లీమీటర్లే ఉంది, టైల్స్ ఆలోచన విరమించుకుని రంగే వేశాం. గోడ ఆరడానికి ఐదు రోజులు పట్టింది.

తిరిగి బిగించాక కుడి వాల్వును నెమ్మదిగా ఒకటింపావు చుట్టు తెరిచి, గాలి పోయి నీళ్ళు వచ్చేదాకా పై స్క్రూ తెరిచి ఉంచాను. ఎడమవైపు మూత తీసి అంకెల తలను తిరిగి బిగించాను. బాయిలర్ గేజ్ 0.7 బార్‌కు పడిపోతే నీళ్ళు నింపి మళ్ళీ 1.2కు తెచ్చాను. ఒక్క చిక్కు మాత్రం ఉంది: ఎడమ నట్టు కింద పొడి కాగితం పెట్టి చూస్తే రాత్రికి ఒక చుక్క అంత తడి కనిపిస్తోంది. నట్టు మరలకు టెఫ్లాన్ టేపు చుట్టమంటారా?

పానాపట్టు (జవాబు):

వద్దు. ఆ జాయింటులో నీటిని ఆపేది మరలు కాదు, లోపల ఒకదానిలో ఒకటి కూర్చునే రెండు లోహపు అంచులు. మరల మీద టేపు వల్ల ప్రయోజనం లేదు. రేడియేటర్‌లోకి బిగించే ముక్కకైతే టేపు కావాలి గాని, దాన్ని మీరు విప్పలేదు. వాల్వును రెండో పానాతో పట్టుకుని నట్టును పావు చుట్టు మాత్రం బిగించి, ఒకసారి వేడిగా ఉన్నప్పుడూ, ఒకసారి చల్లారాకా కాగితం పెట్టి చూడండి. అప్పటికీ ఆగకపోతే మళ్ళీ వాల్వులు కట్టి, నట్టు విప్పి ఆ అంచుల మీద మడ్డి గాని, పెచ్చు గాని అడ్డుపడిందేమో తుడిచి చూడాలి. పోయిన నీళ్ళతో పాటు తుప్పు పట్టకుండా కలిపే ద్రవం కూడా కొంత పోయింది కనుక, వీలు చూసుకుని అది కూడా కాస్త చేర్పించండి.

తడిగోడ:

పావు చుట్టుతో ఆగిపోయింది. రెండు రాత్రులు కాగితం పొడిగానే ఉంది.